పూజలో పెట్టిన స్ఫటికం

తమిళనాడు ధర్మపురిలో, బస్టాండు వెనక వీధిలోని ఇంట్లో, యోగలక్ష్మి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన పరిశోధన వ్యాసం పంపబోతుంటే, తల్లి సౌభాగ్యానికి ఎందుకో కాలు నిలవడం లేదు.

“ఇప్పుడే పంపాలా పాపా? టిఫిన్ తిని పంపరాదా?”

“ఒక్క బటన్ నొక్కితే పోతుందమ్మా.”

“నొక్కొద్దు, ఉండు. ఆ రాయి కథ మళ్ళీ చెప్పు.”

“ఇప్పుడా? సరే. సేలంలో లోకనాథన్ సారు చేసిచ్చిన స్ఫటికం అది. లోపల కోట్ల కొద్దీ బుల్లి అయస్కాంతాలు. మామూలు రాయిలో అయితే, చలి పెడితే అన్నీ బుద్ధిగా వరసలో నిలబడతాయి. ఇందులో ఎంత చలి పెట్టినా నిలబడవు.”

“మీ నాన్న మాదిరి.”

“అచ్చం! బెంగళూరు ల్యాబులో దాని మీద పచ్చ లేజర్ వేసినాను. వెలుగు పోయి ఆ అయస్కాంతాలను కుదిపి, కొంచెం బలం పోగొట్టుకుని తిరిగొస్తుంది. ఎంత పోయిందో గీత గీస్తే, మామూలు రాయికి ముల్లు మాదిరి లేస్తుంది. దీనికి చూడు.”

“గుట్ట మాదిరి ఉండాదే.”

“ఆ గుట్టే! ఒక్కో కుదుపు రెండు ముక్కలై చెరో పక్కకు పోతోందనడానికి అదే సాక్ష్యం. పోయిన ఏడు ఇంకో రాయిలో ఇదే గుట్ట చూపిస్తేనే గదా నాకు ప్రైజు ఇచ్చినారు. ఇదీ అచ్చయితే ఉద్యోగం ఖాయం.”

“వేరే దేనికీ అట్లా గుట్ట రాదా?”

“వస్తుంది. రాయికి ఏదన్నా అంటుకుంటే అదీ లేజర్‌కు మెరిసి ఇట్లాంటి గుట్టే పెడుతుంది. అందుకే గ్లౌసు లేకుండా ముట్టను.”

“అంటుకునేదంటే... మట్టి, జిడ్డు. అంతే గదా? మంచి వస్తువులు కాదు గదా?”

“మంచి వస్తువులా? ఏమ్మా ఆ చెమటలు?”

“ఉక్కగా ఉండాది. పసుపు... పసుపు మెరుస్తుందా?”

“పసుపా? అది అన్నిటికంటే... అమ్మా. ఏం చేసినావు?”

“ఏం చేసినా! దాన్ని సేలం నుంచి తెస్తూ ఆయుధ పూజకు ఇంట్లో దిగినావు గదా. మీ నాన్న తాపీకి, రసమట్టానికి, నా కుట్టు మిషనుకు, అన్నిటికీ పెడతా ఉంటే...”

“రాయి ఉన్న డబ్బాకు పెట్టినావా?”

“డబ్బా పనిముట్టా? మూత తీసి రాయికే పెట్టినా. చిన్న చుక్క. నువ్వు అరుస్తావని మళ్ళీ కొంగుతో తుడిచేసినా.”

“తుడిస్తే పోతుందా అమ్మా! ఈ గుట్టంతా పసుపే అయుంటుంది. అయ్యో... సరే. సరే. పంపలేదు, పరువు దక్కింది. పోయిన ఏటిది ఉంది, ప్రైజు ఉంది, దాంతోనే ఎట్లో...”

“పాపా.”

“ఏం?”

“పోయిన ఏడు కూడా ఆయుధ పూజకు రాయితోనే గదా దిగినావు.”