రెండో ట్యూబు

రక్తపరీక్షల గదిలో ఇద్దరే ఉన్నారు. మిషన్ ముందు కూర్చున్నది ఆడపడుచు, తలుపు పట్టుకుని నిలబడ్డది వదిన. వదిన అదే ఆసుపత్రిలో నర్సు. ఒక్క నిమిషమని వచ్చిన మనిషి ఇంకా కదల్లేదు.

“మళ్ళీ కణాలు పగిలిపోయుంటాయే. మొన్నటిలాగే.”

“పగల్లేదు వదినా.”

“నువ్వే అన్నావుగా, రక్తం తీసేటప్పుడు గట్టిగా లాగితే కణాలు పగిలి లోపలున్న ఆ ఎంజైమ్ బయటికొచ్చేస్తుందని? అంకె ఊరికే పెరిగిపోతుందని?”

“మొన్న రక్తం మీద తేరిన సీరం కూడా ఎర్రగా ఉంది. అందుకే పారబోసి, అన్నయ్య దగ్గర మళ్ళీ తీసుకురమ్మన్నా. ఇదిగో, ఈ రెండో ట్యూబు చూడు. పైన సీరంలో ఎక్కడన్నా ఎరుపుందా?”

“లేదు.”

“తేటగా ఉంది. మళ్ళీ మళ్ళీ పెట్టి చూశా, అంకె దిగనంటోంది.”

“ఆ మిషన్‌కే ఒంట్లో బాగోలేదేమో!”

“నవ్వించకు వదినా. నాన్నకి చివరి రోజుల్లో ఇదే ఎంజైమ్ ఇలాగే ఎక్కుతూ పోయింది. ఆ భయం నన్నింకా వదల్లేదు.”

“మామయ్యగారి మాట ఇప్పుడెందుకే?”

“ఎందుకా? ఆయన కోసిన రాయే అన్నయ్యా కోస్తున్నాడు. అదే షెడ్డు, అదే పొడి. నిద్రలో నాన్న దగ్గు వినిపిస్తోందట వాడికి. నీకు చెప్పలేదా?”

“చెప్పారు... చెప్పారులే.”

“అచ్చం నాన్న దగ్గేనట. పక్కగదిలోంచి వస్తుందట. ఉలిక్కిపడి లేచి చూస్తే ఎవరూ ఉండరట. నువ్వు వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ ఉంటావట.”

“దాహమేసి లేస్తాను. అది సరే, ఆ అంకె ఇంకేదన్నా కావచ్చుగా? లివరో, గుండో?”

“ఆ పరీక్షలూ చేశా. బాగానే ఉన్నాయి. ఈ ఒక్కదాన్ని పట్టుకుని ఫలానా జబ్బని ఎవరూ చెప్పరు, నిజమే. కానీ ఒంట్లో ఎక్కడో కణాలు దెబ్బతింటున్నాయి. అన్నయ్య చేసే పనికి ముందు ఊపిరితిత్తుల్నే అనుమానించాలి. స్కాన్ తీయిద్దాం.”

“పని మాన్పించేస్తారే!”

“మాన్పించనీ. అదే కావాలి నాకు. ఇప్పుడే మేస్త్రీకి ఫోన్ చేసి చెప్తా, రేపట్నుంచి రాడని.”

“ఆగు. ఆగవే. ఒక్క మాట.”

“చెప్పు.”

“ఆ పొడి... రాయి కోసేవాళ్ళకే పడుతుందా?”

“అదేం ప్రశ్న?”

“అంటే, వాళ్ళ పనిబట్టలు దులిపేవాళ్ళకి? మామయ్యగారివీ, మీ అన్నయ్యవీ, నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ రోజూ నేనేగా దులిపి ఉతుకుతున్నది. మొహమంతా తెల్లగా అయిపోయేది.”

“ఇప్పుడు నీ గొడవేంటి వదినా? నీకూ చేద్దాంలే తర్వాత. ముందు అన్నయ్య బతకాలి నాకు. ఉండు, రింగవుతోంది.”

“పెట్టెయ్.”

“పెట్టను.”

“పెట్టెయ్యమన్నానా! మీ అన్నయ్య చెయ్యి ఇవ్వలేదే.”

“ఏంటీ?”

“ఇవ్వలేదు. మొన్నా ఇవ్వలేదు, నిన్నా ఇవ్వలేదు. సూది తీస్తే చాలు, నాన్నలాగే పోతానని చెప్పడానికేగా మీరిద్దరూ కూడబలుక్కున్నారని పసిపిల్లాడిలా ఏడ్చారు. నువ్వేమో ఇక్కడ నన్ను పీక్కుతింటున్నావు. ఒక్కసారి మంచి అంకె కళ్ళబడితే అన్నాచెల్లెళ్ళిద్దరూ కుదుటపడతారనుకున్నా.”

“అన్నయ్య చెయ్యి ఇవ్వకపోతే... వదినా, మరి ఈ రక్తం?”

“నాకేం రోగమొస్తుందిలే అనుకున్నానే.”