ఎంగిలికి ఇంగ్లిష్

పరాయి దేశపు సిటీలో, స్కోఫీల్డ్స్ వెళ్లే రైల్లో తల్లీకూతుళ్లు. తల్లి లైబ్రరీ రచనా తరగతి నుంచి వస్తోంది. ఆమె కథను ఇంగ్లిష్‌లోకి మార్చింది కూతురే.

“‘ఎంగిలి మామిడిపండు’ని ‘సలైవా మ్యాంగో’ అంటావుటే! అందరూ మొహాలు చిట్లించారు.”

“సారీ మా. మీ క్లాస్ కథల బుక్‌లో వేయరా ఇంక?”

“వేస్తారు. మా టీచరు మారిసెల్, ఫిలిప్పీన్స్ రచయిత్రి, ‘ఎంగిలి’ అనే ఉంచమంది.”

“మీనింగ్ లేకుండానా? హూ విల్ గెట్ ఇట్?”

“మీరంతా అర్థం తెలియకుండానే కొరియన్ పాటలు పాడట్లేదా, ఒక్క మాట చదవలేరా అంది. పక్కవాళ్ల భాషలో మాటలు చెవినపడకపోతే అది సిటీయే కాదట.”

“వావ్! నువ్వేమన్నావ్?”

“అననిచ్చిందా? నేను కొరికిన జంతిక లాక్కుని తినేసి, ‘ఎంగిలి!’ అంది. ఇంకెవరూ అర్థం అడగలేదు. నా కథ ఎంగిలితోనే అచ్చవుతోంది.”