నీ పేరు రాయలేదు

అశోక్‌నగర్ హాస్టల్ గదిలోకి ఆమె రాగానే, తనలాగే గ్రూప్-టూకు చదువుకుంటున్న స్నేహితురాలు నిలదీసింది.

"లైబ్రరీకి పోతున్న అన్నవు. అబద్ధమే గదా?"

"అవునే. తహసీల్దార్ ఆఫీసుకు పోయిన. క్రైస్తవురాలినని రాసిచ్చిన. ఇగ నేను ఎస్సీ కాదు, బీసీ-సీ."

"పిచ్చా నీకు? ఎస్సీ కోటా లేకుంటే ఉద్యోగమొస్తదా?"

"రాకపోవచ్చు. ఫారం నింపినప్పుడల్లా నా దేవుణ్ణి దాచిపెట్టుడు నాతోని అయితలేదు."

"ఎవరు ఎక్కించిన్రు? పాస్టరా?"

"ఆయన వద్దనే అన్నడు."

స్నేహితురాలు తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించింది.

"మనిద్దరం ఒక్కనాడే బాప్తిస్మం తీసుకున్నం. నాదింకా ఎస్సీ సర్టిఫికెటే. నిజం చెప్పు, నా పేరు గూడ రాసినవా?"

"లేదే. నీది నువ్వే చెప్పుకోవాలె."

"అర్జీ కాపీ ఇటియ్యి. చూసినంకనే నమ్ముత."

ఆమె కాపీ అందించింది. స్నేహితురాలు దాన్ని లైటు కింద పెట్టి, ఒక్కొక్క లైను మీద వేలు పెట్టి తన పేరు వెతుకుతుంటే, ఆమె చూస్తూ నిలబడింది.