ఆముదం మెడగుడ్డ

1916లో, ఫ్రాన్స్‌లోని ఒక యుద్ధవిమానాల మైదానం పక్కన, బట్టలుతికే ముసలావిడ ముందు కుర్ర పైలట్ తన మెడగుడ్డ పడేశాడు.

“ఏం బాబూ, ఆముదంతో స్నానం చేశావా?”

“ఇంజనంతా గిర్రున తిరుగుతుంది పెద్దమ్మా. కందెనగా పోసిన ఆముదమంతా తాగి నా మొహానే ఉమ్ముతుంది.”

“నువ్వూ కాస్త మింగావన్నమాట. అందుకేనా పొద్దుట్నుంచీ ఆ పొదలవైపు పరుగులు?”

“నవ్వు, నవ్వు! వచ్చే నెల కొత్త ఇంజన్లొస్తున్నాయి. వాటిలో ఇరుసొక్కటే తిరుగుతుంది, చుక్క కూడా చిమ్మదు. నీకూ చాకిరీ తప్పుతుంది.”

“చాకిరీకేం గానీ, మొన్న మీతో ఎగిరే ఆ పొడుగాటి పిల్లాడి గుడ్డ ఇంకెవరో తెచ్చిచ్చారు. ఉతికిస్తే వాళ్ళమ్మకి పంపాలట.”

కుర్రాడి మొహంలో నవ్వు పోయింది. ముసలావిడ అతని మెడగుడ్డ చేతిలోకి తీసుకుంది.

“ఆ కొత్తవి వచ్చేదాకా, ఎంత జిడ్డోడుతున్నా సరే, నీది నువ్వే తేవాలి. ఇంకొకళ్ళు తెస్తే నేను ఉతకను.”