పట్టుపంచెలో పేగులు

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమవుతాయోనని కొడుకు ఆదివారం కూడా ఆఫీసుకు పరుగెత్తాడు. ఆస్ట్రేలియాలోని టూవూంబా ఇంట్లో మావగారు పూజకు పట్టుపంచె కట్టుకుని, కుచ్చెళ్ళు సర్దుకుంటూ హాల్లోకి రాగానే, డాక్టరు కోడలు పుస్తకం వదిలి గంతేసింది.

“మావయ్యగారూ, కదలకండి! దొరికింది!”

“ఏమిటమ్మా, నా మీద బల్లి గానీ పడిందా?”

“పేగండీ! పోయినసారి ఇక్కడి డాక్టరు పరీక్ష ఓరల్‌లో నన్ను ఫెయిల్ చేసిన ప్రశ్న. ఆరు మీటర్ల చిన్నపేగు జానెడు మొదలు నుంచి ఎలా వేలాడుతుంది, రక్తం ఎలా అందుతుంది అని.”

“అది నా పంచెలో దొరికిందా?”

“ఆ జరీ అంచే పేగు. బట్ట, దాన్ని పట్టి ఉంచే పొర. అంత పొడుగు అంచూ బొడ్డు దగ్గర గుప్పెడు కుచ్చెళ్ళలో ఇమిడిపోలేదూ? రక్తనాళాలు ఆ మడతల్లోంచే అంచుకు దిగుతాయి.”

“శివశివా! మరి నడుముకు బిగించిన ఈ ఉత్తరీయం?”

“మీ షుగరును అదుపుచేసే క్లోమం! పెద్ద ధమని దాని వెనక నుంచి వచ్చి కుచ్చెళ్ళలోకి దూరుతుంది.”

ఆయనకు నవ్వు ఆగలేదు.

“ఇన్నేళ్ళూ పేగులు చుట్టుకుని పూజ చేశానన్నమాట! సరే, రేపు పరీక్షలో మళ్ళీ మరిచిపోతేనో? ఈసారీ తప్పితే ఇక్కడ డాక్టర్ని కాలేనన్నావు.”

“చీర కట్టుకుని వెళ్తాను. తడబడితే కుచ్చెళ్ళు చూసుకుంటా.”

“అది కాపీ కొట్టడం కాదుటమ్మా?”

“ఎగ్జామినర్లకు కుచ్చెళ్ళు చదవడం రాదు కదండీ!”

“అయితే మీ అత్తయ్య కంచిపట్టు తీసుకో. అంచు పెద్దది, పేగు బాగా కనిపిస్తుంది.”