ఆఖరి సంచి దాకా

బల్గేరియాలో రోజాపూల లోయ, మే నెల. పూలనూనె బట్టీ పక్కనున్న కంప్యూటర్ గదిలో యజమానురాలు వెలికా, ఆమె అక్క కొడుకు లచెజార్.

“చెయ్యి తియ్యి. ముందు ఆ మీటల మీంచి చెయ్యి తియ్యి లచో!”

“పిన్నీ, నేనింకా ఏమీ నొక్కలేదు.”

“నొక్కబోయావు. నువ్వు కుర్చీలో ముందుకు జరిగావంటేనే నాకు గుండె దడ. పోయినేడూ ఇలాగే జరిగావు. ఇరవై నిమిషాలు కంప్యూటర్ ఆపుతానన్నావు. ఎంతసేపైంది?”

“అప్పుడు వేరే...”

“ఎంతసేపైంది?”

“నాలుగు గంటలు.”

“నాలుగు గంటలు! తెల్లారగట్ల కోసిన పూలు సంచుల్లోనే ఉడికిపోయాయి. మూడున్నర టన్నులు కాగుల్లో పోస్తే కిలో నూనె దిగాలి. ఆ రోజు ముప్పావు కిలో దిగింది. ఏడాదికోసారి వచ్చే పంట, ఉండేది మూడు వారాలు, అందులో మిగిలింది పన్నెండు రోజులు. నీకు ఇప్పుడే గుర్తొచ్చిందా?”

“ఇప్పుడా? జనవరిలో అడిగాను. ‘బాగానే నడుస్తోందిగా, ఎందుకు కెలకడం’ అన్నావు. మార్చిలో అడిగాను. ‘నూనె కొనేవాళ్లు చూడ్డానికొస్తున్నారు’ అన్నావు. నీ దగ్గర దీనికి మంచిరోజనేదే లేదు!”

“సరే, ఇప్పుడేం కొంప మునిగింది?”

“కాగుల్ని నడిపే ఈ లినక్స్ మిషనుకి కెర్నల్ అనే ప్రోగ్రామే గుండెకాయ. మనది పాతది, మార్చాలి. దాన్లో ఒక కన్నం బయటపడింది. ఎవడైనా బయటినుంచి దూరి కాగులకు ఆవిరి ఆపేయొచ్చు.”

“పన్నెండు రోజులు ఏ దొంగా దూరడులే. ఆఖరి సంచి కాగులో పడ్డాక నీ ఇష్టం. కొత్త గుండె పెట్టుకో, ఊపిరితిత్తులు పెట్టుకో.”

“అలా కాదు పిన్నీ...”

“ఎలా కాదు?”

“అంటే... కొత్తది పెట్టేశాను.”

“ఏమిటీ?”

“పోయిన శుక్రవారం. డిస్కులోకి ఎక్కించాను, అంతే. మిషను ఆపి మళ్లీ లేపేదాకా పాతదే నడుస్తుంది.”

“హమ్మయ్య. అయితే ఆపకు. పాతదే నడవనీ.”

“పాతది డిస్కులో లేదు. మిషను ఆగిందంటే దాని పని అయిపోయినట్టే.”

“మళ్లీ చెప్పు.”

“తీసేశాను. జాగా చాల్లేదు. తూకం దగ్గరి కెమెరా బొమ్మలు ఒక్కటీ చెరపొద్దన్నది నువ్వేగా?”

“పూల మీద నీళ్లు చల్లి బరువు పెంచేవాళ్లని పట్టుకోవడానికిరా అవి! తప్పు నీది, తిట్లు నాకా? తెచ్చి పెట్టు ఆ పాతదాన్ని!”

“దొరకదు. చేసినవాళ్లే దాన్ని పంచడం మానేశారు. కొత్తదానికేమో ఆవిరి వాల్వులు తిప్పడం తెలీదు. నేర్పాలి, ఆపాలి, లేపి చూసుకోవాలి. రెండు గంటల పని.”

“అది కాకముందే మిషను ఆగితే?”

“మళ్లీ లేస్తుంది. కాగులే దాని మాట వినవు.”

“గాడిదా! నన్నడిగావా?”

“అడిగితే వద్దనేదానివి.”

“అందుకేరా అడగాల్సింది!”

“వెలికమ్మా! వెలికమ్మా!”

“ఏంటి మింకో? కాగులొదిలేసి నువ్వెందుకొచ్చావు?”

“కోసేవాళ్లు తిరిగొచ్చేస్తున్నారమ్మా. కొండ మీద నల్లగా కమ్మేసింది. ఉరుములు కూడా.”

“సంచులు లోపలికి లాగించు. నేను వీడి సంగతి తేల్చి వస్తాను. వెళ్లు!”

“పిన్నీ, అరిచింది చాలు. నువ్వేగా అంటావు, కోపం వేరు లెక్క వేరని? ఇప్పుడు ఆపితే ఈ పూట పూలు పాడవుతాయి. కన్నం సంగతంటావా, ఇంటర్నెట్ తీగ పీకేస్తాను, ఎవడూ దూరలేడు. ఆఖరి సంచి దాకా ఆగుదాం. నీ మాటే నెగ్గింది. ఇదుగో, చెయ్యి తీసేశాను. లేస్తున్నాను కూడా.”

“పిడుగు పడి కరెంటు పోతే?”

“పోనీ. బల్ల కింద బ్యాటరీ పెట్టె ఉందిగా. కరెంటు లేకపోయినా మిషనుని నలభై నిమిషాలు మోస్తుంది. ఈలోగా మింకో జనరేటర్ వేస్తాడు. కరెంటు పోయిందని మిషనుకి తెలియను కూడా తెలీదు.”

“ఏ పెట్టె?”

“అదే, నల్లది. అమ్మమ్మ అల్లిన గుడ్డ కప్పావుగా, దుమ్ము పడకుండా.”

“లచో.”

“ఊఁ.”

“కూర్చో.”

“ఎందుకు?”

“కూర్చుని మొదలుపెట్టు. మింకో! ఒరే మింకో! కాగుల్లో ఇంక పొయ్యకండి! పూలు సంచుల్లోంచి తీసి లోపల నేల మీద పల్చగా పరవండి!”

“పిన్నీ, నీకేమైంది? ఇంతసేపూ చెయ్యి తియ్యమని తిట్టావు!”

“ఇప్పుడు పెట్టమంటున్నాను! మూడేళ్లు ఆ బల్ల కింద కూర్చుంది, ఒక్కరోజు పనికొచ్చిందా? ఊరికే పడున్న సరుకు కంటబడితే నేనుండలేనని నీకు తెలుసుగా. ఆ గుడ్డ కింద ఉన్నది ఖాళీ జామ్ పెట్టెరా. నీ బ్యాటరీని ఈస్టర్‌కి ముందే అమ్మేశాను.”