మా ఆయన ఫ్రెంచి

నవ్వకు గీతా. నువ్వలా నవ్వుతుంటే నేను చెప్పలేను. ముందా కాఫీ తాగు, చల్లారిపోతోంది.

ఇండియా నుంచి తిరిగి ఇక్కడికి వస్తూ దారిలో ప్యారిస్‌లో ఆగుదామన్నది ఎవరనుకున్నావ్? మా ఆయనే. సరే, ఆగాం. అందరూ వెళ్ళే ఆ పెద్ద రైడ్ల పార్కుకే వెళ్ళొచ్చుగా? ఊహూఁ. అలాంటిది ఫ్లోరిడాలో చూసేశాంట. ఊరవతల ఫ్రెంచి వాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే పార్కు ఇంకోటుందట, అక్కడికే వెళ్ళాలట. మరి భాష ఎలాగండీ అంటే, నేనున్నాగా అన్నారు.

ఎందుకా ధైర్యం అంటావా? ఇంటర్‌లో ఈయన సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి! మార్కులొస్తాయని క్లాసు క్లాసంతా అందులో పడేసేవాళ్ళు కదా. నీదీ ఫ్రెంచేనా? మరింకేం, నీకు తెలుసు. హాస్టల్లో కాళ్ళూపుకుంటూ బట్టీ పట్టడమేగా. నూటికి తొంభై ఏడట. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పారు నాకా సంగతి.

టికెట్ల దగ్గర ఆ అమ్మాయి ఏదో అడిగింది. ఈయన గొంతు సవరించుకుని, సెలవుల గురించి స్నేహితుడికి రాసే ఉత్తరం ఉంటుంది చూడు, అది అప్పజెప్పారు. సంతకం దాకా. ఆ పిల్ల ఓపిగ్గా విని తిరిగి ఏదో అంది. అంతే, ఈయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పరీక్ష పేపరు ఎప్పుడూ తిరిగి మాట్లాడలేదు కదా పాపం.

లోపలికెళ్ళాక బోర్డు చదివి పెద్ద రోలర్ కోస్టర్ అన్నారు. అంతసేపు క్యూలో నిలబడి ఎక్కితే అది చంటిపిల్లల బాతుబండి. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే అలాగే కూర్చుని తిరిగారు మహానుభావుడు.

నా బెంగల్లా మా రచన గురించే. దాని సంగతి నీకు తెలీందేముంది. పదేళ్ళు నిండలేదు, వాళ్ళ నాన్న ఇంగ్లీషులో నోరు తెరిస్తే చాలు, దిద్దుతుంది. డ్రైవ్ త్రూలో ఈయన ఆర్డర్ చెప్తే ఆ స్పీకర్‌లోంచి "సారీ?" అంటారు. వెనక సీట్లోంచి ఇది తల చాపి చెప్పేస్తుంది. మొన్న టీచర్ని కలవడానికి వెళ్తుంటే, "డాడ్, యూ డోంట్ హావ్ టు టాక్" అంది. ఆయన నవ్వేశారు. కానీ అప్పట్నుంచీ డ్రైవ్ త్రూలో కార్ అద్దం దించి ఊరుకుంటున్నారు, అదే చెప్పుకుంటుందని.

ఇంట్లో అంత వాగే మనిషి! ఇప్పుడీ ఫ్రెంచి పరువు కూడా పోతే కూతురి ముందు ఈయనకి ఇంకేం మిగుల్తుంది, చెప్పు?

మధ్యాహ్నానికి ఆకలి. తినేచోటికి వెళ్ళాం. మాంసం లేనిది కావాలని చెప్పాలి. ఆ ముక్క సిలబస్‌లో లేదట. జంతువుల పాఠం మాత్రం ఉందట. ఇక మొదలెట్టారు. ఆవు పేరు చెప్పి, చెయ్యి అడ్డంగా ఊపి, ఇదిగో ఇలా దణ్ణం. పంది పేరు చెప్పి ఇంకో దణ్ణం. కౌంటర్లో పెద్దావిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ ఒక్కో గిన్నె మూత తీసి చూపిస్తోంది. వెనక క్యూ ఆగిపోయింది. కోడి దగ్గరికొచ్చేసరికి పేరు మర్చిపోయారు. రెండు చేతులూ రెక్కల్లా ఆడించారు.

అబద్ధమెందుకు, నాకు సిగ్గేసింది. తల దించేసుకున్నా.

అప్పుడే పక్క కౌంటర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. చక్కటి ఇంగ్లీషు. ఏమైనా హెల్ప్ కావాలా అని రచననే అడిగింది. హమ్మయ్య అనుకున్నా. ఇక ఇది అందుకుని వాళ్ళ నాన్నని పక్కకి జరిపేస్తుంది అనుకున్నా.

అది ఆయన వైపు కాసేపు చూసింది.

"నో, థాంక్యూ," అంది. "మై డాడ్ ఈజ్ టాకింగ్."

లేదులే, ఆయనకి వినపడలేదు. ఆ కోడి హడావుడిలో ఉన్నారు. చివరికి చీజ్ పెట్టిన రొట్టెలు, బంగాళాదుంపలు పట్టుకుని యుద్ధం గెలిచినట్టు వచ్చారు. శనివారం మీ ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్తారు చూడు, తన ఫ్రెంచి ఎలా అన్నం పెట్టిందో. చెప్పుకోనీ. నువ్వు మాత్రం రచన అన్న మాట ఆయన దగ్గర అనకు. తట్టుకోలేరు.

నేను తట్టుకున్నానా ఏంటి? నా రొట్టె అలాగే కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను. ఏమైంది హైమా అని అడిగితే, చీజ్ వాసనండీ అన్నాను.